చిన్న సంస్థలో జీతాల లెక్క: ఉద్యోగి చేరినప్పటి నుంచి ఫైనల్ సెటిల్‌మెంట్ దాకా

నెల జీతం 30,000. ఈ నెల మనిషి రెండు రోజులు రాలేదు, సెలవులు కూడా మిగల్లేదు. ఎంత కోస్తారు?

30తో భాగిస్తే 2,000. ఈ నెలకు 31 రోజులున్నాయి కదా అని 31తో భాగిస్తే 1,935. వారానికో సెలవు తీసేసి 26 పనిదినాలు అనుకుంటే 2,308. వారానికి రెండు సెలవులుండే చోట 22తో భాగిస్తే 2,727. నాలుగూ ఎక్కడో ఒకచోట వాడుకలో ఉన్నవే, దేని వాదన దానికుంది. పోయిన నెల ఒకరికి 30తో, ఈ నెల ఇంకొకరికి 26తో భాగించినప్పుడు మొదలవుతుంది అసలు గొడవ. భోజనాల వేళ ఆ ఇద్దరూ పే స్లిప్పులు పక్కపక్కన పెట్టుకుంటారు. సాయంత్రానికి మీ గుమ్మం ముందు నిలబడతారు.

పన్నెండు మంది పనిచేసే సంస్థకు నేను చాలా ఏళ్లు జీతాలు చేశాను. కూడికలు తప్పి వచ్చిన తగాదాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముందుగా అనుకోక, అనుకున్నా రాసిపెట్టుకోక వచ్చినవి మాత్రం బోలెడు. అందుకే ఇందులో సగం జీతం వేసే రోజుకు చాలా ముందే చేయాల్సిన పనుల గురించే ఉంటుంది. పన్ను శాతాలు, చందాలు (పింఛను, బీమా లాంటి సామాజిక భద్రత కోసం ఉద్యోగి, యజమాని కట్టేవి), కనీస వేతనం దేశానికో రకం. అవి మీ చోటి చట్టంలోంచి తెచ్చుకుని ఇక్కడ చెప్పిన లెక్కల్లో పెట్టుకోండి. ఉదాహరణల్లో వాడిన శాతాలు లెక్క చూపడానికి అనుకున్నవే.

1. ముందు తేల్చుకోండి: ఉద్యోగా, కాంట్రాక్టా

పన్నులు, చందాల బాధ తప్పుతుందని చాలామంది అందరినీ కాంట్రాక్టు కింద రాసుకుంటారు. నెలకో బిల్లు తీసుకుని డబ్బిచ్చేస్తారు. చాలా దేశాల్లో అధికారులు కాగితం మీద రాసిన మాట కంటే పని జరిగే తీరునే ముందు చూస్తారు. ఎన్నింటికి రావాలో మీరే చెబుతున్నారా? పనిముట్లు మీవేనా? తన బదులు ఇంకొకరిని పంపే వీలుందా? ఇంకోచోట కూడా పని పట్టుకోవచ్చా? పని చెడితే నష్టం ఎవరు భరిస్తారు? జవాబులన్నీ మీ వైపే మొగ్గుతుంటే ఆ మనిషి మీ ఉద్యోగే. ఆ సంగతి రెండు మూడేళ్ల తర్వాత బయటపడితే వెనకటి చందాలు, పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఉద్యోగి వాటా కూడా మీ నెత్తినే పడొచ్చు, ఎప్పుడో ఇచ్చేసిన జీతంలోంచి ఇప్పుడు కోయలేరు కాబట్టి.

ఉద్యోగే అని తేలాక, మొదటి జీతం వేయకముందే పన్ను శాఖ దగ్గర, సామాజిక భద్రత సంస్థ దగ్గర యజమానిగా నమోదు చేసుకోండి. మనిషి దగ్గర తీసుకోవాల్సినవి: గుర్తింపు పత్రం, పన్ను సంఖ్య, బ్యాంకు వివరాలు, చేరిన తేదీ. పేరు దగ్గర ఒక జాగ్రత్త. గుర్తింపు పత్రంలో ఒకలా, బ్యాంకులో ఇంకోలా, పన్ను శాఖలో మరోలా ఉండటం మామూలే. మొదటి నెల జీతం వెనక్కొచ్చాకో, ఏడాది చివర్లో కట్టిన పన్ను ఆ మనిషి ఖాతాలో కనబడకపోతేనో ఆ తేడా తెలుస్తుంది. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చడానికి పట్టేది రెండు నిమిషాలు.

తర్వాత నియామక పత్రం. ఒక్క పేజీ చాలు. గ్రాస్ జీతం (కోతలేవీ వేయకముందు మొత్తం), జీతం ఇచ్చే రోజు, వారానికి పని గంటలు, ఓవర్‌టైమ్ రేటు, సెలవులు, నోటీసు గడువు, రాని రోజుకు కోసే పద్ధతి ఉండాలి. ఆ చివరిది చాలా పత్రాల్లో కనబడదు. పైన చెప్పిన గొడవంతా ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే.

2. జీతం ఎంత అంటే మూడు అంకెలు

గ్రాస్ 30,000 అనుకుందాం. అందులో ఉద్యోగి చందా 8 శాతం, అంటే 2,400. ఆదాయ పన్ను 1,500. చేతికొచ్చేది 26,100.

ఇక మీ వైపు. యజమాని చందా 12 శాతం, అంటే 3,600. ఏడాదికో నెల జీతం బోనస్‌గా ఇవ్వాల్సి ఉంటే దాని వంతు నెలకు 2,500 పక్కన పెట్టాలి. ఈ పదమూడో నెల జీతం కొన్ని దేశాల్లో చట్టమే: బ్రెజిల్లో 1962 నుంచి, ఫిలిప్పీన్స్‌లో 1975 నుంచి. అన్నీ కలిపితే ఆ మనిషికి మీరు నెలకు పెట్టే ఖర్చు 36,100.

ఉద్యోగి లెక్కలో తన జీతం 26,100. మీ జేబులోంచి పోయేది 36,100. మధ్యలోని 10,000 గురించి ఉద్యోగానికి తీసుకునే రోజే ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఇంటర్వ్యూలో "చేతికి ఇంత వస్తుంది" అని ఎప్పుడూ మాటివ్వకండి. రేపు పన్ను శాతం మారితే ఆ మాట నిలబెట్టుకోవడానికి తేడా మీరే వేసుకోవాలి. గ్రాస్ చెప్పండి, ఇవాళ్టి లెక్కన చేతికి సుమారు ఎంత వస్తుందో చూపించండి, ఆ రెండో అంకె మారుతుందని కూడా చెప్పండి.

అదే లెక్కతో మీ ధరలూ సరిచూసుకోవచ్చు. నెలకు 36,100 అంటే ఏడాదికి 4,33,200. వారానికి ఐదు రోజుల చొప్పున 260 పనిదినాలు. అందులో 15 రోజుల సెలవులు, 10 పండగ సెలవులు తీసేస్తే 235. అంటే ఆ మనిషి పనిచేసే ఒక్కో రోజుకు మీకయ్యేది 1,843. ముప్పై వేల జీతం కాబట్టి రోజుకు వెయ్యి అనుకుని కొటేషన్ ఇచ్చేవాళ్లను చూశాను. వాళ్లు ప్రతి ఆర్డర్ మీదా నష్టపోతుంటారు, ఎందుకో మాత్రం తెలియదు.

3. భాగహారం ఒక్కసారి ఎంచుకోండి

30తో భాగించడం తేలిక, మొదట్లో నేనూ అదే వాడాను. దానితో వచ్చే చిక్కు చూడండి. ఫిబ్రవరి, 28 రోజులు. ఒకరు 2వ తేదీన చేరారు. రోజు జీతం 1,000. నెలలో పనిలో ఉన్నది 27 రోజులు కాబట్టి 27,000 అని ఒక లెక్క. లేనిది ఒక్క రోజే కాబట్టి 30,000లోంచి 1,000 పోయి 29,000 అని ఇంకో లెక్క. రెండూ 30తో భాగించినవే, తేడా మాత్రం 2,000. 31 రోజుల నెలలో ఇది మరీ విడ్డూరంగా తయారవుతుంది. నెలంతా జీతం లేని సెలవులో ఉండి చివరి రోజు ఒక్కటే వచ్చిన మనిషికి 30 రోజుల కోత వేస్తే మిగిలేది సున్నా. వచ్చి పనిచేసిన రోజుకు జీతమే లేదు!

ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నింటితో భాగిస్తే ఈ చిక్కు ఉండదు. వచ్చిన రోజులు లెక్కపెట్టినా, రాని రోజులు తీసేసినా ఒకే జవాబు: 28,929. దీనిలోనూ ఒక వింత ఉంది. రోజు జీతం ఫిబ్రవరిలో 1,071, మార్చిలో 968 అవుతుంది. ఎందుకని ఎవరైనా అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు, పై సున్నాను మాత్రం ఎవరికీ నచ్చజెప్పలేం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇదే. మీ చోట చట్టం ఫలానా అంకెతోనే భాగించాలని చెబితే మాత్రం ఇక ఎంచుకునేది లేదు.

ఓవర్‌టైమ్ లెక్కలో తప్పు ఇంకా లోపల దాక్కుని ఉంటుంది. నెలకు 30,000, వారానికి 48 గంటల పని, ఓవర్‌టైమ్ ఒకటిన్నర రెట్లు. చాలామంది ఇలా చేస్తారు: 30,000ని 30తో, మళ్లీ 8తో భాగిస్తే గంటకు 125. దానికి ఒకటిన్నర రెట్లు 187.50. చూడటానికి బాగానే ఉంది. కానీ 30 రోజుల్లో వారపు సెలవులూ ఉన్నాయి, వాటిలో ఎవరూ 8 గంటలు పనిచేయలేదు. నిజంగా నెలకు పని గంటలెన్ని? వారానికి 48, ఏడాదికి 52 వారాలు, 12 నెలలు: 208 గంటలు. 30,000ని 208తో భాగిస్తే గంటకు 144.23. ఒకటిన్నర రెట్లు 216.35. అంటే 187.50 ఇచ్చేవాళ్లు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామనుకుంటూ నిజానికి 1.3 రెట్లే ఇస్తున్నారు. పది గంటల ఓవర్‌టైమ్ మీద ఒక్క మనిషికి 288 తక్కువ. ఏళ్ల తరబడి, అందరికీ కలిపితే ఎంతవుతుందో మీరే వేసుకోండి. వారానికి 40 గంటల సంస్థ అయితే 208 బదులు 173.33.

ఓవర్‌టైమ్‌కు ఎన్ని రెట్లన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసుకున్న మొట్టమొదటి ఒప్పందం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టి, ఓవర్‌టైమ్‌కు కనీసం ఒకటింపావు రెట్లు ఇవ్వాలంది. అమెరికాలో 1938 నాటి చట్టం కింద ఇప్పుడు వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. మేనేజర్ అని హోదా ఇచ్చినంత మాత్రాన ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదనుకోవద్దు. హోదా పేరు కంటే చేసే పనిని చూసే చట్టాలే ఎక్కువ.

హాజరు సమయాన్ని గుండ్రం చేసేటప్పుడు రెండు వైపులా ఒకే న్యాయం ఉండాలి. పది నిమిషాలు ఆలస్యంగా వస్తే పావుగంట కోసి, పది నిమిషాలు ఎక్కువ పనిచేస్తే సున్నా రాసే రిజిస్టర్లు నేను చూశాను. అది జీతం ఎగ్గొట్టడమే.

4. జీతం రోజు, కట్ ఆఫ్ తేదీ

నెలకోసారి, నెలకు రెండుసార్లు, రెండు వారాలకోసారి, వారం వారం. వీటిలో మధ్య రెండూ ఒకటే అనుకుని దెబ్బతినేవాళ్లు ఉన్నారు. ఏడాది జీతం 3,60,000 అయితే నెలకు రెండుసార్లు అంటే 24 జీతాలు, ఒక్కోటి 15,000. రెండు వారాలకోసారి అంటే 26 జీతాలు, ఒక్కోటి 13,846. ఈ పద్ధతిలో ఏడాదికి రెండు నెలల్లో మూడేసి జీతాలు పడతాయి. వారం వారం ఇచ్చేచోట నాలుగు నెలల్లో ఐదేసి పడతాయి. ఆ నెలలేవో ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోకపోతే చేతిలో డబ్బాడక ఇబ్బంది పడతారు.

నెలజీతమైతే వచ్చే నెల ఒకటో తారీఖున జీతం, హాజరు పోయిన నెల 21 నుంచి ఈ నెల 20 దాకా అని పెట్టుకోవచ్చు. హాజరు లెక్క ఆపే ఆ 20వ తేదీయే కట్ ఆఫ్. సరిచూడటానికి చివరి పది రోజులు మిగులుతాయి. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం ఇది గజిబిజిగా ఉంటుంది. 15న చేరినవాళ్లకు మొదటి జీతంలో ఆరు రోజులే వస్తాయి. మిగతాది ఎప్పుడొస్తుందో చేరిన రోజే చెప్పకపోతే మొదటి నెలలోనే నమ్మకం పోతుంది. ఇంకో దారి కూడా ఉంది. నెల మొత్తానికీ జీతం వేసేసి, 20 తర్వాతి కోతలు, ఓవర్‌టైమ్ వచ్చే నెలలో సర్దుకోవడం. నాకు ఇదే నచ్చింది.

జీతం రోజు సెలవు పడితే ముందు రోజే వేయండి. మీ కస్టమర్ డబ్బు ఆలస్యంగా ఇచ్చాడన్నది ఉద్యోగికి సంబంధం లేని విషయం, వాళ్ల ఇంటి అద్దె తేదీ మారదు. కనీసం ఒక నెల జీతాల మొత్తం వేరే ఖాతాలో ఉంచుకోండి. మొదట్లో కష్టమే. వారానికి కొంత చొప్పున అటు మళ్లిస్తే ఏడాదిలో పోగవుతుంది, నెలాఖరు టెన్షన్ చాలావరకు పోతుంది. ఏదో ఒక నెల నిజంగానే ఆలస్యమయ్యేలా ఉంటే ఆ సంగతి, ఇచ్చే తేదీతో సహా, ముందే చెప్పాలి. ఆ నెల మీ సొంత వాడకం డబ్బు తీసుకోకండి. అందరూ గమనిస్తారు.

5. నెలనెలా చేసే పని

వరస ఇది. కట్ ఆఫ్ రోజున హాజరు పట్టీ మూసేయండి. దాన్ని ఉద్యోగులకే చూపించి రెండు రోజుల గడువివ్వండి, రోజుల్లో తేడాలుంటే అప్పుడే చెబుతారు. తర్వాత ఈ నెల మార్పులు ఒకచోట రాయండి: చేరినవాళ్లు, మానేసినవాళ్లు, ఇంక్రిమెంట్లు, అడ్వాన్సులు, బ్యాంకు ఖాతా మార్పులు. గ్రాస్ వేయండి, చట్టం ప్రకారం కోయాల్సినవి కోయండి, ఆపైన మిగతా కోతలు. చేతికొచ్చేది తేలాక ఇక్కడొక్కసారి ఆగి సరిచూసుకోవాలి.

సరిచూసే పద్ధతి ఒకటి చెబుతాను. ప్రతి నెలా దీనికి పది నిమిషాలు పెట్టండి. పోయిన నెల గ్రాస్ మొత్తం రాయండి: 2,10,000 అనుకుందాం. దాని కింద తేడాలన్నీ కారణంతో సహా. సగం నెలలో చేరిన మనిషికి 9,000 పెరిగింది. ఓవర్‌టైమ్ 2,163 పెరిగింది. జీతం లేని సెలవులకు 2,000 తగ్గింది. ఒక ఇంక్రిమెంట్ 1,500. మొత్తం 2,20,663 రావాలి. మీ జీతాల పట్టిక అడుగున ఉన్న మొత్తం కూడా అదే అయితే సరే. ఒక్క రూపాయి, ఒక్క పైసా అటూ ఇటూ ఉన్నా కారణం దొరికేదాకా డబ్బు పంపకండి. మానేసిన మనిషి పేరు పట్టికలో మిగిలిపోవడం, ఒకే ఓవర్‌టైమ్ రెండుసార్లు ఎక్కడం, ఇంక్రిమెంట్ మర్చిపోవడం, అన్నీ ఇక్కడే దొరికిపోతాయి.

పట్టిక చేసేవాళ్లు ఒకరు, డబ్బు వదిలేవాళ్లు ఇంకొకరు అయి ఉండాలి. అందరూ నమ్మకస్తులే అయినా సరే. లేని మనిషి పేరు మీద జీతం తీయడం ప్రపంచంలో పాత మోసాల్లో ఒకటి, అది జరిగేది ఎక్కువగా ఒక్కరి చేతిలోనే మొత్తం పని ఉన్నచోట. ఉద్యోగి బ్యాంకు ఖాతా మార్చమని మెయిల్ వస్తే ఆ మనిషితో నేరుగా మాట్లాడాకే మార్చండి. వేరేవాళ్ల పేరుతో అలాంటి మెయిల్ పంపి జీతం కాజేసేవాళ్లు ఉన్నారు.

ఎక్సెల్‌లో చేయాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడుగుతారు. ఐదారుగురికి, జీతాలు పెద్దగా మారనిచోట ఎక్సెల్ చాలు. పన్ను ఫారాలు నెలనెలా దాఖలు చేయాల్సి ఉన్నా, గంటల లెక్కన ఇచ్చేవాళ్లు ఎక్కువున్నా సాఫ్ట్‌వేర్‌కు పెట్టే డబ్బు దండగ కాదు. అయితే భాగహారం, ఓవర్‌టైమ్ రేటు అందులో ఎలా సెట్ చేసి ఉన్నాయో మొదటి రెండు నెలలు చేత్తో వేసి చూసుకోండి. తప్పు సెట్టింగ్‌తో ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ తప్పునే నెలనెలా అందరికీ చేసుకుపోతుంది.

6. కోతలు, అడ్వాన్సులు

జీతంలోంచి కోయడం యజమాని ఇష్టం అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. ఒకప్పుడు కార్మికులకు డబ్బు బదులు యజమాని దుకాణంలోని సరుకులే ఇచ్చేవారు. బ్రిటన్ 1831లో చట్టం చేసి కొన్ని వృత్తుల్లో దాన్ని ఆపింది. 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వేతన రక్షణ ఒప్పందం జీతం చెల్లుబాటయ్యే డబ్బుగా, క్రమం తప్పకుండా, నేరుగా పనిచేసిన మనిషికే ఇవ్వాలంది. చట్టమో, కార్మిక సంఘంతో చేసుకున్న సమష్టి ఒప్పందమో ఒప్పుకున్న కోతలే వేయాలంది. ఉద్యోగం ఇచ్చినందుకు జీతంలోంచి వాటా పట్టుకోవడాన్నీ నిషేధించింది. జీతాన్ని సారా కొట్టులో పంచకూడదని కూడా అందులో ఉంది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అలా జరిగేది కాబట్టే రాయాల్సి వచ్చింది.

పగిలిన వస్తువు, క్యాష్ కౌంటర్‌లో తగ్గిన డబ్బు, పాడైన సరుకు, వీటికి కోత వేసే ముందు మీ చట్టం ఒప్పుకుంటుందో లేదో చూడండి. ఒప్పుకున్నా, ఉద్యోగి మాట విని, రాతపూర్వకంగా సమ్మతి తీసుకున్నాకే. కోత తర్వాత మిగిలింది కనీస వేతనం కంటే తగ్గకూడదు. యూనిఫాం ఖర్చు ఉద్యోగి మీద వేసేచోట ఈ హద్దు తెలియకుండానే దాటిపోతుంటారు.

అడ్వాన్స్ అడగని ఉద్యోగి ఉండడు. ఇవ్వడం తప్పు కాదు, ఒకరికిచ్చి ఒకరికి లేదనడమే చికాకు తెస్తుంది. ఎంతవరకు ఇస్తారు, ఎన్ని వాయిదాల్లో తీసుకుంటారు, పాతది తీరకముందు కొత్తది ఇస్తారా, ఈ మూడూ అనుకుని అందరికీ చెప్పండి. నేను పెట్టుకున్న హద్దు సగం నెల జీతం, మూడు వాయిదాలు, ఒకటి తీరాకే ఇంకోటి. వైద్యం ఖర్చుకు మాత్రం ఆ హద్దు పక్కన పెట్టేవాణ్ని. ఇచ్చిన ప్రతిసారీ సంతకం, ప్రతి పే స్లిప్ మీదా మిగిలిన బాకీ. జేబులోంచి తీసి ఇచ్చి, నెలాఖరున గుర్తుంటే కోసే పద్ధతిలో స్నేహాలు చెడతాయి.

7. పట్టుకున్న డబ్బు మీది కాదు

జీతంలోంచి పన్ను ముందే పట్టుకునే ఏర్పాటు అమెరికాలో 1943లో, బ్రిటన్‌లో 1944లో వచ్చింది. యుద్ధకాలంలో కోట్లమంది దగ్గరికి వెళ్లి వసూలు చేయడం కంటే యజమానుల దగ్గరే పట్టుకోవడం ప్రభుత్వాలకు తేలికైంది. అప్పటి నుంచి మీరూ నేనూ జీతం లేని పన్ను వసూలుదారులం.

వేళకు డబ్బాడనప్పుడు చిన్న సంస్థల చెయ్యి మొదట పడేది ఈ డబ్బు మీదే. కట్టాల్సింది వచ్చే నెల 15న, ఈలోగా సరుకు కొనేసి తర్వాత కట్టేద్దాం అనిపిస్తుంది. సరుకు సప్లయర్ బాకీ కంటే ఇది ప్రమాదకరమైన బాకీ. అమెరికాలో ఉద్యోగుల దగ్గర పట్టుకున్న పన్ను కావాలని కట్టకపోతే, కట్టని మొత్తానికి సమానమైన జరిమానా బాధ్యులైనవాళ్ల మీద వ్యక్తిగతంగా వేయొచ్చు. కంపెనీ మూసేసినా అది వదలదు. మందు ఒకటే: జీతాలు వేసిన రోజే కోతల మొత్తం, మీ వాటాతో సహా, ఇంకో ఖాతాలోకి పంపేయండి. వీలుంటే అదే రోజు కట్టేయండి.

8. పే స్లిప్

జీతం ఎంత చిన్నదైనా పే స్లిప్ ఇవ్వండి. ఏ కాలానికి, ఎన్ని రోజులు, ఎన్ని ఓవర్‌టైమ్ గంటలు ఏ రేటున, ఏ కోత ఎంత, చేతికి ఎంత, మిగిలిన సెలవులు, మిగిలిన అడ్వాన్స్. "ఇతర కోతలు 850" అని ఒక్క వరస కనబడితే ఉద్యోగికి అనుమానమే వస్తుంది. దేనికో విడిగా రాయండి. నగదుగా ఇచ్చినా సంతకం తీసుకోండి. ఇంట్లోవాళ్లు మీ సంస్థలో పనిచేస్తుంటే వాళ్ల పేర్లూ పట్టికలో ఉండాలి, జీతం నిజంగా వాళ్ల ఖాతాలో పడాలి.

9. తప్పు జరిగినప్పుడు

ఒక నెల నేను జీతాల పట్టికను పేర్ల వరసలో సర్దాను. పేర్లున్న నిలువు వరసనొక్కటే ఎంచుకుని సర్దేశాను, పక్కన ఉన్న జీతాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మొత్తం ఏమీ మారలేదు కాబట్టి అడుగున లెక్క సరిపోయింది. బ్యాంకుకు పంపేశాను. మర్నాడు పొద్దున ఒకరు వచ్చి మెల్లగా, "సార్, ఈ నెల నాకు ఏడు వేలు ఎక్కువ పడ్డాయి, పొరపాటా?" అన్నారు. పదకొండు మందిలో తొమ్మిది మందికి ఇంకొకరి జీతం పడింది. ఎవరికి ఎంతిస్తున్నానో అందరికీ తెలిసిపోయింది. ఆ వారం పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

మొత్తం సరిపోయినా ఒక్కొక్కరి పేరు పక్కన పోయిన నెల అంకె, ఈ నెల అంకె పెట్టి చూడాలన్నది అప్పుడు నేర్చుకున్నాను. 5వ భాగంలో చెప్పిన సరిచూపుకు ఇది రెండో సగం. రెండూ చేస్తేనే పని పూర్తి.

తక్కువ పడిందని తేలితే ఆ రోజే వేయండి. వచ్చే నెల సర్దుతాం అనకండి. ఎక్కువ పడితే అదే తొందర పనికిరాదు. ముందు కాగితం మీద చూపించి, తిరిగి ఎన్ని వాయిదాల్లో తీసుకోవాలో వాళ్లతోనే మాట్లాడి, రాసుకుని కోయాలి. పొరపాటు మనది, ఆ డబ్బు వాళ్లు అప్పటికే ఖర్చుపెట్టేసి ఉండొచ్చు.

10. ఇంక్రిమెంట్లు, ఒకే పనికి రెండు జీతాలు

ఆ గందరగోళంలో బయటపడ్డ ఇంకో విషయం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఒకే పని చేసే ఇద్దరిలో కొత్తగా వచ్చిన మగమనిషికి, నాలుగేళ్లుగా ఉన్న ఆడమనిషి కంటే ఎక్కువ ఇస్తున్నాను. కావాలని చేసింది కాదు. అతను అడిగాడు, ఆమె అడగలేదు, అంతే. కారణం అదే అయితే చెప్పుకోవడానికి నోరు రాదు. సమాన విలువ ఉన్న పనికి ఆడామగా తేడా లేకుండా సమాన వేతనం అన్న అంతర్జాతీయ ఒప్పందం 1951 నాటిది, చాలా దేశాల్లో అది చట్టమైంది. యూరోపియన్ యూనియన్ 2023 నాటి ఆదేశం ఇంకాస్త ముందుకెళ్లి, ఉద్యోగానికి వచ్చినవాళ్లను పాత జీతం అడగకూడదంటుంది. సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లో చేర్చడానికి పెట్టిన గడువు 2026 జూన్.

పదిమంది ఉన్నచోట కూడా ప్రతి పనికీ ఇంత నుంచి ఇంత అని ఒక పరిధి రాసుకోండి. ఆ పరిధిలో ఎవరు ఎక్కడున్నారు, ఎందుకున్నారు అన్నది ఏడాదికోసారి చూడండి. జీతాల గురించి ఎవరితోనూ మాట్లాడొద్దని ఉద్యోగుల నోరు కట్టేసే షరతు పెట్టకండి. అమెరికాలో 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం కింద చాలామంది ఉద్యోగులకు ఆ మాటలాడుకునే హక్కు ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ షరతుతో ఏ రహస్యమూ ఆగదు.

ఇంక్రిమెంట్ ఎప్పటినుంచి అన్నది తేదీతో రాయండి. వెనక తేదీ నుంచి ఇస్తే బకాయి లెక్కలో ఆ నెలల ఓవర్‌టైమ్‌ను కూడా కొత్త రేటుతో తిరిగి వేయాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

11. మానేసేటప్పుడు

ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఉండేవి: చివరి రోజు దాకా జీతం, మిగిలిన ఓవర్‌టైమ్, డబ్బుగా ఇవ్వాల్సిన సెలవులు, బోనస్‌లో వంతు, చట్టం ప్రకారం వచ్చే సేవా పరిహారం (గ్రాట్యుటీ లాంటిది). అందులోంచి అడ్వాన్స్ బాకీ, పూర్తిగా చేయని నోటీసుకు ఒప్పందం ప్రకారం కోత. చివరి జీతం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో చాలాచోట్ల చట్టమే చెబుతుంది, మామూలు జీతం రోజు కంటే ముందే కావచ్చు కూడా.

తాళాలు, ల్యాప్‌టాప్ తిరిగివ్వలేదని జీతం మొత్తం ఆపేయడం మామూలైపోయింది. చేసిన పనికి జీతం ఒక లెక్క, వస్తువు తిరిగి రావడం ఇంకో లెక్క. ఏ వస్తువు ఇచ్చారో చేరిన రోజే సంతకంతో రాసుకుంటే చివరి రోజు ఆ కాగితం చూసి తీసుకోవచ్చు. సెటిల్‌మెంట్ కాగితం మీద ఒక్కో అంకె పక్కన లెక్క రాయండి, ఎదురుగా కూర్చోబెట్టి వివరించండి. ఉద్యోగికి ఒక కాపీ, మీ ఫైల్లో ఒకటి. చట్టం చెప్పినన్ని ఏళ్లు దాచండి. ఎప్పుడో వాళ్లు ఇల్లు కొనడానికి లోన్ కోసం పాత పే స్లిప్పులు అడుగుతూ ఫోన్ చేస్తారు. వెతికి పంపండి.